ఆరు నుంచి ఎనిమిది

ఎక్కడికి పోయినా బాత్రూం తలుపు వెనక అతికించిన కాగితం చదివే అలవాటు నాకు పట్టుకుంది. తేదీ, సమయం, శుభ్రం చేసినవారి సంతకం, తనిఖీ చేసినవారి సంతకం అని నాలుగు గడులు ఉంటాయి చూడండి, ఆ కాగితం. పెట్రోలు బంకులో గానీ, ఫంక్షన్ హాల్లో గానీ, ముందు అది చదివాకే వచ్చిన పని చూసుకుంటాను. మొన్న మా ఆవిడను ఒక దవాఖానకు తీసుకెళ్తే, లోపలికి పోయినవాణ్ణి పది నిమిషాలైనా రాలేదని ఆమె సెక్యూరిటీ అతన్ని పంపింది. నేను సంతకాలు చూస్తూ నిలబడ్డాను. నాలుగో గడి నిండా ఒకే పెన్నుతో, ఒకే ఊపులో, నెలకు సరిపడా సంతకాలు పెట్టేసి ఉన్నాయి. అలా పెట్టేవాళ్ళ మీద నాకు కోపం రావాలి గానీ రాదు. నేనూ అలా పెట్టినవాణ్ణే.

అలాంటి కాగితాన్ని మా ఆఫీసు బాత్రూం తలుపుకు అతికించినాయన ఇప్పుడు లేడు. పేరు రాయడం లేదు. అడిగి రాద్దామంటే మనిషి లేడు, అడక్కుండా రాస్తే ఒప్పుకునే రకం కాదు. నేను చాచా అని పిలిచేవాణ్ణి.

జహీరాబాద్‌లో మాది విత్తనాల కంపెనీ బ్రాంచి ఆఫీసు. కింద రైతులు వచ్చి కూర్చునే హాలు, పైన మేం పనిచేసే గదులు. నేను అడ్మిన్. అడ్మిన్ అంటే కుర్చీలు, ఫ్యాన్లు, తాగేనీళ్ళు, గేట్ పాసులు, ఇంకా ఎవరి పనీ కానిదల్లా. ఊడ్చే పని చాలా ఏళ్ళు వెనక గల్లీలో ఉండే ఒకావిడ చూసేది. ఆమెకు కుదిరిన రోజు ఊడ్చేది, కుదరని రోజు మేం దుమ్ములోనే కూర్చునేవాళ్ళం. ఎవరికీ పట్టింపు లేదు. ఇలా ఉండగా ఒకరోజు పైనుంచి ఒక పెద్దసారు తెల్ల ప్యాంటు వేసుకుని వచ్చాడు. హాల్లో కుర్చీ లాక్కుని రైతులతో అరగంట మాట్లాడి లేచాడు. విత్తనాలకు పట్టించే మందు గులాబిరంగులో ఉంటుంది. ఆ పొడి ఆ కుర్చీలో ఎన్నాళ్ళ నుంచి పేరుకుని ఉందో గానీ, ఆయన వెనకంతా గులాబిరంగు. రైతులు మర్యాదస్తులు, నవ్వలేదు. మా మేనేజర్ చెప్పలేక, చెప్పకుండా ఉండలేక, ఆయన వెనక భాగానికి అడ్డంగా కారు దాకా నడిచాడు. వారం తిరక్కముందే నాకు మెయిల్ వచ్చింది. ఆఫీసు శుభ్రతకు ఒక ఏజెన్సీని పెట్టాలి, రోజూ ఏం చెయ్యాలి, వారానికి ఏం చెయ్యాలి, నెలకు ఏం చెయ్యాలి అని ప్లాన్ రాసి పంపాలి.

ఇంట్లో చీపురు ఏ మూలన ఉంటుందో కూడా తెలియని నాకు ప్లాన్ రాయడం ఏం వస్తుంది. ఒక ఏజెన్సీకి ఫోన్ చేస్తే "మా మనిషి వచ్చి చూస్తడు సార్" అన్నారు.

ఆ వచ్చిన మనిషి ఈయన. అరవై దాటిన వయసు, కుదురుగా కత్తిరించుకున్న తెల్లగడ్డం, ఇస్త్రీ అంగీ, జేబులో నాలుగు మడతల తెల్ల రుమాలు. మెట్ల దగ్గర చెప్పులు విడుస్తుంటే, "ఫర్వాలేదు చాచా, వేసుకునే రండి" అన్నాను.

"వద్దు సాబ్. కన్ను అబద్ధం చెప్తది, అరికాలు చెప్పదు" అని ఉత్త కాళ్ళతో ఆఫీసంతా తిరిగాడు. అడుగు ఆనించి, కొంచెం రుద్ది, తనలో తాను తలూపి, ముందుకు పోయేవాడు. మేనేజర్ గది గడప దగ్గర చాలాసేపు ఆగాడు. "ఈడ ఇసుక ఎక్కువుంది. మీ మేనేజర్ సార్ దగ్గరికి పోయేటోళ్ళంత ఈడ్నే నిలబడి జర ఆలోచిస్తరు గావచ్చు." నిజమే, అందరం అక్కడ నిలబడి ఆలోచిస్తాం.

గంటలో తేలిపోయే పని అనుకున్నాను. ఆయన మూడు రోజులు వచ్చాడు. మొదటి రోజంతా కింద హాల్లో ఒక మూలకు స్టూలు వేసుకుని కూర్చుని మనుషుల కాళ్ళు చూశాడు. ఎవరు ఎటునుంచి వస్తున్నారు, ఎక్కడ ఆగుతున్నారు, గోడకు ఎక్కడ ఆనుకుంటున్నారు, ఇదే చూపు. మధ్యాహ్నం నేను కిందికి దిగితే పాఠం చెప్పాడు. "గీళ్ళు ఝరాసంగం దిక్కోళ్ళు సాబ్, ఎర్రమన్ను. ఇది ఊడిస్తే పోతది. రాయికోడ్ దిక్కోళ్ళు వానకాలంల నల్లరేగడి తెస్తరు. దాన్ని తడిగుడ్డతోటి ముట్టొద్దు, ఇంక పూస్కపోతది. ఎండనిచ్చి గోకాలె." రెండో రోజు స్విచ్చులు, తలుపు పిడులు, మెట్ల కమ్మీ ఆ తెల్ల రుమాలుతో తుడిచి, రుమాలు తెచ్చి నా ముఖం ముందు పెట్టాడు. "అసలు మురికి నేల మీద ఉండది సాబ్. మనిషి చెయ్యి ఎక్కడ పెడ్తడో ఆడ ఉంటది."

ఇవన్నీ ఆయన సౌదీలో నేర్చుకున్నవి. ఇరవై రెండేళ్ళు అక్కడ బ్యాంకుల్లో, దవాఖానల్లో శుభ్రం చేసే పని చేసి వచ్చాడు. గుడ్డలకు కూడా రంగుల కట్టుబాటు ఉంటుందట. ఎర్రది బాత్రూంకి, నీలిది టేబుళ్ళకి, ఒకదాని చోటికి ఇంకొకటి పోకూడదు. చూపించడానికి తెచ్చిన కొత్త గుడ్డలు టేబుల్ మీద పెట్టి ఆయన చేతులు కడుక్కోవడానికి పోయాడు. అంతలో కిటికీ పక్కన కూర్చుని ఆర్డర్లు రాసుకునే మేడం, శుభ్రంగా ఉంది కదా అని ఎర్రగుడ్డ తీసుకుని టిఫిన్ డబ్బా తుడుచుకుంది. ఆయన తిరిగొచ్చి చూసి తల పట్టుకున్నాడు. అది కొత్త గుడ్డ, ఎక్కడా వాడనిది అని మేం ఎంత చెప్పినా వినలేదు. ఆమెను అడిగి డబ్బా తీసుకుపోయి వేడినీళ్ళతో మూడుసార్లు కడిగి తెచ్చాడు. సాయంత్రం దాకా గంటగంటకూ వచ్చి, "కడుపుల ఎట్లుంది బేటీ" అని అడిగి పోయేవాడు. ఆ మేడం ఆ రోజు నవ్విన నవ్వు ఆఫీసులో అంతకుముందు ఎవరూ వినలేదు.

ఆయన కూడా ఆ మూడు రోజులు సంబరంగా ఉన్నాడు. నాకు అప్పుడు అది తెలియలేదు, ఆయన స్వభావమే అంత అనుకున్నాను.

మూడో రోజు ప్లాన్ తెచ్చి ఇచ్చాడు. గళ్ళ కాగితాల మీద, చేత్తో వేసింది. అక్షరాలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. ప్రతి గదికీ ఒక బొమ్మ, ఎక్కడ మొదలుపెట్టి ఎటు పోవాలో బాణాలు, ఎర్రగుడ్డ చోట ఎర్ర చుక్క, నీలిగుడ్డ చోట నీలి చుక్క. పైనుంచి కిందికి, లోపలినుంచి బయటికి. ఫ్యాన్లు వారానికి ఎన్నిసార్లో ఫ్యాను బొమ్మ పక్కన గీతలు.

"రాసిస్తే సరిపోయేది కదా చాచా, బొమ్మలెందుకు?" అన్నాను.

"రేపు నా జాగల ఎవరొస్తరో సాబ్. చదువు రాని మనిషొచ్చినా పని ఆగొద్దు. మంచి ప్లాన్ అంటే, మనిషి మారిండని ఎవ్వరికి తెల్వొద్దు."

నాకది చాలా గొప్ప మాటగా తోచింది. పైవాళ్ళకు పంపిన నోట్‌లో నా సొంత మాట లాగా రాసుకున్నాను కూడా.

ఒక్క దగ్గరే నాకు అనుమానం వచ్చింది. సమయం అన్న గడిలో పదకొండు నుంచి ఒంటిగంట అని ఉంది. ఆఫీసు శుభ్రం ఎక్కడైనా పొద్దున అందరూ రాకముందో, సాయంత్రం అందరూ పోయాకో చేస్తారు. పొరపాటున పడిందేమో అని అడిగాను. ఆయన రుమాలు తీసి, మడత విప్పి, మళ్ళీ అదే మడత పెట్టాడు.

"తప్పు పడలే సాబ్. నేనే పెట్టిన. ఇరవై రెండేండ్లు మనుషులు పోయినంక లోపల్కి పోయిన, మనుషులు రాకముందుకు బయటికొచ్చిన. ఒక బ్యాంకుల పదేండ్లు చేసిన. ఆ మేనేజర్ మొకం నల్లగుంటదో తెల్లగుంటదో నాకెర్కలే. ఆయన తాగే కప్పు మాత్రం ఎర్క." రుమాలు జేబులో పెట్టుకున్నాడు. "ఇంటికొచ్చిన ఏడాదికే బీవీ పాయె. బిడ్డలు ఒకామె బీదర్‌ల, ఒకామె హైదరాబాద్‌ల, మంచిగున్నరు. నేనొక్కన్నే ఉంట. ఈడ గూడ ఎవ్వరు లేని టైంల అంటే, దినమంత నోరు తెర్వనే తెర్వ సాబ్. ఈ ఆఫీసు పని నేనే చేస్త అని ఏజెన్సోళ్ళతోటి మాట్లాడుకున్న. పదకొండు గంటలకైతే మీరంత ఉంటరు. నేనెవ్వరికి అడ్డం రాను."

అంత మాట్లాడి ఆయన సిగ్గుపడ్డాడు. ఏదో ఎక్కువ అడిగినట్టు నేల వంక చూశాడు. "చూస్తాను చాచా, మేనేజర్‌ని అడుగుతాను" అన్నాను.

ఇప్పుడు చెప్పేది నేను ఇంతవరకు మా ఆవిడకు కూడా చెప్పలేదు. నేను మేనేజర్‌ని అడగలేదు. పైనుంచి వచ్చిన ఫారంలో 'పని గంటలకు ముందు', 'పని గంటల తర్వాత' అని రెండే గడులున్నాయి. పదకొండు అని రాస్తే ఎందుకని ఎవరైనా అడుగుతారు, అడిగితే నేను జవాబు చెప్పాలి, ఆ జవాబు ఇంగ్లీషులో చెప్పాలి. ఒక ముసలాయనకు నలుగురిలో ఉండాలని ఉంది అని ఏ ఫారంలో రాస్తారు? స్కేలు పెట్టి ఆ అంకెలు కొట్టేశాను. ఆరు నుంచి ఎనిమిది అని రాశాను. పది నిమిషాలు కూడా ఆలోచించలేదు. నా ఉద్యోగమంతా అంతే, ఎవరూ ఏమీ అడగకుండా చూసుకోవడం.

మర్నాడు ఆయనకు ఫోన్ చేసి, "మేనేజర్ ఒప్పుకోలేదు చాచా" అన్నాను.

"ఫికర్ నై సాబ్" అన్నాడు వెంటనే. "మీరు అడిగిన్రు గదా. ఇన్నేండ్లల నాకోసం ఎవ్వరు ఒక్క మాట అడగలే."

ఫోన్ పెట్టేశాక నాకు ఏదోలా అయింది. భోజనం వేళకు మరిచిపోయాను.

అలా రెండేళ్ళు. మేం తొమ్మిదిన్నరకు వచ్చేసరికి ఆఫీసు ఫినాయిల్ వాసన కూడా లేకుండా ఆరిపోయి, కుర్చీలు టేబుళ్ళ కింద ఒకే వరసలో ఉండేవి. గులాబిరంగు పొడి మళ్ళీ ఎవరికీ అంటలేదు. ఆయన వచ్చి పోయాడనడానికి గుర్తు బాత్రూం తలుపు వెనక కాగితమే. మూడో గడిలో ఆయన ఉర్దూ సంతకం. నాకు ఉర్దూ రాదు. చిన్న పడవ గీసి, పైన మూడు చుక్కలు పెట్టినట్టు ఉండేది. శనివారం శనివారం నేను నాలుగో గడిలో నా సంతకం పెట్టేవాణ్ణి.

ఇంకో గుర్తు కూడా ఉండేది. అప్పుడప్పుడు నా టేబుల్ మీద ఒక కాగితపు పొట్లం. లోపల చొక్కా గుండీయో, తల పిన్నో, ఒకసారి చెవికమ్మ శీలయో. పొట్లం పైన చిన్న బొమ్మ, కిటికీ, కుర్చీ, కుర్చీ కాలి దగ్గర ఒక చుక్క. ఎక్కడ దొరికిందో దాని లెక్క. ఏ వస్తువు ఎవరిదో కనుక్కుని ఇవ్వడం నా పని. "ఎవరు తీసిపెట్టారు?" అని అడిగేవాళ్ళు. "హౌస్‌కీపింగ్" అనేవాణ్ణి. టిఫిన్ డబ్బా కడిగిచ్చినాయనే రోజూ వచ్చి పోతున్నాడని ఆ మేడంకి కూడా చెప్పలేదు. చెప్పకూడదని కాదు, తోచలేదు.

ఈ రెండేళ్ళలో నేను ఒక్కసారి పొద్దున్నే పోయాను. ఊరినుంచి రాత్రి బస్సులో వచ్చి, ఇంటికి పోయి మళ్ళీ రావడమెందుకని నేరుగా ఆఫీసుకు పోయి పైన కుర్చీలో కూర్చున్నాను. ఆరు కొట్టింది. కింద తలుపు తీసిన చప్పుడు, ఆ వెంటనే గట్టిగా, స్పష్టంగా, "అస్సలాము అలైకుం" అన్న గొంతు. వాచ్‌మన్‌తో అంటున్నాడనుకున్నాను. వాచ్‌మన్ గేటు బయట ఉన్నాడు. ఆయన మెట్లెక్కి వచ్చి, ఈ గది గడప దగ్గర కూడా ఆగి అదే మాట అన్నాడు. లోపలినుంచి నేను "వాలేకుం సలాం చాచా" అన్నాను. బకెట్ చేతిలోంచి జారింది.

"ఎవరికి చెప్తున్నారు, ఎవరూ లేరు కదా?" అన్నాను నవ్వుతూ.

"ఎవ్వరు లేని ఇంట్లకు పోయినా సలాం చెప్పాలె సాబ్, మా దాంట్ల గట్లనే ఉంటది. మనుషులు లేకుంటె ఫరిస్తలుంటరు, దేవుని దూతలు" అన్నాడు. తర్వాత తనూ నవ్వాడు. "జవాబు రావుడు మాత్రం ఇదే మొదలు."

పనయ్యాక ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ తాగుదామని నేనే అన్నాను. చాయ్ రాకముందే మొదలుపెట్టాడు. "కిటికీ పక్క బేటీ మంచిగున్నదా సాబ్? ఈ నెలంత అన్నం చెత్తడబ్బల పారేస్తుంది. పెన్ను మూతలు గూడ కొరికినయి దొర్కుతున్నయి." ఆమె బాగానే ఉందన్నాను. ఆ రోజు మధ్యాహ్నం అడిగితే తెలిసింది, వాళ్ళమ్మ ఇరవై రోజులుగా దవాఖానలో ఉందని. ఆమె నాకు పది అడుగుల దూరంలో కూర్చుంటుంది. "మీరు గూడ సాబ్, గోలీలు మార్చినట్టున్నరు, అట్ట వేరే రంగుది పడ్తుంది. బీపీ ఎక్కువైందా?" అని నన్ను అడిగాడు. మా ఆఫీసులో పన్నెండు మందిమి. పన్నెండు మంది గురించీ ఆయనకు తెలుసు. ఎవరు సిగరెట్లు మళ్ళీ మొదలుపెట్టారు, ఎవరు కుర్చీలో మఠం వేసుకుని కూర్చుంటారు, ఎవరి టేబుల్ కింద దేవుడి కుంకుమ రాలుతుంది. ఒక్కొక్కరి గురించి అడిగి, నా జవాబు విని, దాన్ని జాగ్రత్తగా లోపల పెట్టుకుంటున్నట్టు తలూపాడు.

గంట గడిచింది. ఆయన ఆపడం లేదు. సౌదీ చలి, అక్కడి ఒంటెలు, బీవీ వండే ఖట్టీ దాల్, చిన్నబిడ్డ పెళ్ళిలో వాన. మొదట బాగుంది, తర్వాత నాకు విసుగొచ్చింది. నిజం చెప్పుకోవాలి, రెండుసార్లు గడియారం చూశాను. రెండోసారి చూడటం ఆయన చూశాడు. మాట మధ్యలోనే ఆపి లేచాడు. "మళ్ళొకపారి పొద్దుగాల రాన్రి సాబ్. చాయ్ నేను తాగిపిస్త." వస్తానన్నాను. ఎప్పుడూ పోలేదు.

చలికాలంలో ఒక సోమవారం ఏజెన్సీ నుంచి ఫోన్. "సార్, కొత్తామెకు గేట్ పాస్ ఇంక ఇయ్యలే మీరు. వాచ్‌మన్ దినాం లొల్లి పెడ్తుండట."

"ఏ కొత్తామె?" అన్నాను.

"అదే సార్, మీ దగ్గర చేస్తలేదా. పెద్దాయన పోయిండు గదా, పదిహేను దినాలాయె. మీకు ఎర్కలేదా?"

ఎర్క లేదు. నేను ఏమన్నానో గుర్తు లేదు గానీ, అన్న మొదటి మాట మాత్రం గుర్తుంది. "లేదే, సంతకం ఉంది కదా" అన్నాను.

ఫోన్ పట్టుకునే బాత్రూం దాకా పోయాను. ఉంది. ఆ పొద్దుటిది కూడా ఉంది. పడవ, మూడు చుక్కలు. పైకి చూసుకుంటూ పోతే పదిహేను రోజులూ వరసగా, ఆదివారాలు మాత్రం విడిచి. వాటి పక్కన రెండు శనివారాలు నా సంతకం. ఆయనను మట్టిలో పెట్టాక కూడా ఆయన పని చేశాడని, నేను చూశాననీ రెండుసార్లు రాసిచ్చాను. ఆ కమోడ్ పక్కన నిలబడి నా రెండు సంతకాలనూ అరచేత్తో కప్పాను. భయం కాదు, సిగ్గు.

మర్నాడు ఆరుగంటలకు పోయాను. ముప్పై అయిదేళ్ళు దాటని ఒకామె మెట్లు తుడుస్తోంది, పైనుంచి కిందికి, ఆయన బాణాల ప్రకారమే. న్యాల్‌కల్ దిక్కు పల్లె నుంచి మొదటి షేరాటోలో వస్తుందట. నన్ను చూసి లేచి గోడకు అతుక్కుని నిలబడింది. తలుపు వెనక కాగితం చూపించి, ఇదెవరు పెడుతున్నారమ్మా అని అడిగాను.

"నేనే సార్. తప్పు పడ్డదా?"

"ఇది ఆయన సంతకం కదా."

"సంతకమా?" ఆమె చాలాసేపు దాన్నే చూసింది. "నాకు చదువు రాదు సార్. పనైనంక ఇది గియ్యాలె అనుకున్న. పైనంత ఇదే ఉండె. మొదటి దినం ఎంతకు రాలే. నీళ్ళల్ల ఏలు ముంచి బండ మీద దిద్దుకున్న, వచ్చేదాక."

దగ్గరగా చూస్తే తేడా ఉంది. ఆయన పడవ ఒకవైపుకు వంగి ఉండేది, ఈమెది గుండ్రంగా, ముగ్గులో గీత లాగా కుదురుగా ఉంది. చూసినవాడికి తెలుస్తుంది. మంచి ప్లాన్ అంటే మనిషి మారినట్టు తెలియకూడదన్నాడు. ఆయన ప్లాన్ అంత మంచిది, నేను అంత మంచి అడ్మిన్‌ని.

ఆ సాయంత్రం వెతుక్కుంటూ ఆయన గదికి పోయాను. తాళం వేసి ఉంది. ఆ గది అద్దెకిచ్చిన ఇంటాయన బయట కూర్చుని ఉన్నాడు. "ఐతారం పొద్దుగాల సార్. దినాం నమాజుకు పోతుంటె తలుపు గొళ్ళెం సప్పుడైతది, నాకు మెల్కువ వస్తది. ఆ దినం సప్పుడు కాలే. పది నిమిషాలు చూసి పోయి కొట్టిన." పది నిమిషాలు. గోడకు ఇవతల పడుకున్న మనిషికి పది నిమిషాల్లో తెలిసింది. ఆయన రెండేళ్ళు రోజూ కుర్చీలు తుడిచిన పన్నెండు మందికి పదిహేను రోజులు పట్టింది, అది కూడా గేట్ పాస్ కోసం.

"మీ ఆఫీసు ముచ్చట మస్తు చెప్తుండె సార్" అన్నాడు ఇంటాయన. "ఎవరో కిటికీ పక్క బేటీ అట, వాళ్ళమ్మ దవాఖానకెల్లి మంచిగై ఇంటికొచ్చిందట గదా." అది కూడా చెత్తబుట్టలోంచే తెలుసుకున్నాడేమో. నేనైతే చెప్పలేదు.

రెండు రోజులు నిద్ర పట్టలేదు. మూడో రోజు మేనేజర్ గది గడప దగ్గర ఈసారి నిలబడకుండా లోపలికి పోయి, శుభ్రం చేసే సమయం పదకొండుకు మారుద్దామనుకుంటున్నాను సార్ అన్నాను. కారణాలు నాలుగు తయారు చేసుకునే పోయాను. ఆయన ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "మార్చేయండి. దీనికి కూడా నన్ను అడగాలా?"

మార్చడానికి పట్టింది ఒక నిమిషం. అంతే పట్టేది అప్పుడు కూడా.

తర్వాతి సోమవారం నుంచి కొత్తామె పదకొండుకు వచ్చింది. నేను ముందే అందరికీ చెప్పి పెట్టాను, పలకరించండి, కాళ్ళు తీసి దారివ్వండి అని. అందరూ మంచిగానే ఉన్నారు. కిటికీ పక్క మేడంకి మాత్రం చాచా సంగతంతా చెప్పాను. ఆమె డబ్బా మూత పెట్టేసి ఆ పూట అన్నం తినలేదు. ఆ రోజు నుంచి ఈ కొత్తామెకు రోజూ చాయ్ ఆమే పోసి ఇచ్చేది, ఊరు, పిల్లలు అన్నీ అడిగేది. నేను నా కుర్చీలోంచి చూస్తూ, ఆలస్యమైనా ఒక పని సరిచేశానని అనుకున్నాను. కొంచెం తేలిగ్గా కూడా అనిపించింది.

శుక్రవారం ఆ కొత్తామె నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడింది. కొంగు వేలికి చుట్టుకుంటోంది.

"సార్, ఒక్క మాట. నన్ను మళ్ళ పొద్దుగాల్నే రమ్మనుండ్రి."

"ఎందుకమ్మా, ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"అయ్యో, ఎవ్వరేమన్లే సార్. అందరు మంచిగనే చూస్తున్నరు. మేడమైతే చాయ్ గూడ ఇస్తది." కొంగు విప్పి మళ్ళీ వేలికి చుట్టుకుంది. "ఇంటికాడ తొమ్మిది మందిమి సార్. అత్త, మామ, ఆడబిడ్డ, మరిది, పిల్లలు. లేసిన కాన్నుంచి పండే దాక ఎవరో ఒకరు పిలుస్తనే ఉంటరు. పొద్దుగాల ఈడ రెండు గంటలు ఎవ్వరుండరు. నన్నెవ్వరు పిల్వరు. గా రెండు గంటలు నాకు మస్తు మంచిగుంటుండె."

సరేనన్నాను. ఆమె మొహం వెలిగింది. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి పోయింది. నేను ప్లాన్ కాగితం తీసి, స్కేలు పెట్టి పదకొండు కొట్టేసి, మళ్ళీ ఆరు నుంచి ఎనిమిది అని రాశాను. ఆ పదకొండు గంటల వేళ కావలసిన మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన నన్నే అడిగాడు.